సేల్స్ రెజ్యూమే: చేసిన పనులు రాయాలా, అంకెలు రాయాలా?

డిగ్రీ అయిన మా వీధి కుర్రాళ్లూ, కంపెనీ మారదామనుకునే పాత స్నేహితులూ ఒకటే అడుగుతున్నారు: "అన్నా, రెజ్యూమే ఎలా ఉంటే పిలుస్తారు?" ఈమధ్యే నేనూ ఉద్యోగం మారాను. రెండు రకాలూ పంపి చూశాను.

మొదటిది నెట్ సెంటర్ రకం, మూడు పేజీలు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్, కింద డిక్లరేషన్, మధ్యలో "ఆర్డర్లు తీయడం, డీలర్లతో సత్సంబంధాలు, కలెక్షన్" అంటూ చేసిన పనులు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ బీట్‌లో, అంటే సేల్స్‌మన్ తిరిగే షాపుల రూట్‌లో, తిరిగే ప్రతివాడూ అవే పనులు చేస్తాడు. నాలుగు నెలలు అదే పంపాను, ఒక్క ఫోనూ రాలేదు.

రెండోది ఒకే పేజీ. "రాజాం, చీపురుపల్లి బీట్లు, 140 షాపులు. నెల టార్గెట్ 6 లక్షలు, 12 నెలల్లో 9 నెలలు దాటాను. కొత్త షాపులు 22." నా ఓటు దీనికే. అయితే అంకె రాయగానే సరిపోదు. "సేల్స్ 40 శాతం పెంచాను" అంటే, ఎంత నుంచి ఎంతకని అడుగుతారు. 50 వేల నుంచి 70 వేలకి పెంచినా 40 శాతమే కదా! విజయనగరంలో పైడితల్లమ్మ పండగ నెల అమ్మకం ఒక్కటే చూపించినా నమ్మరు, ఏడాది లెక్క కావాలి.

అన్నిటికన్నా పెద్దది వసూలు. మన దగ్గర సరుకు సగం అరువు మీదే దిగుతుంది. ఎంత అమ్మావో రాసి ఎంత రాబట్టావో రాయకపోతే ఆ లెక్క సగమే. "ఏ షాపు బాకీనీ 45 రోజులు దాటనివ్వలేదు" అని ఒక్క లైను రాశాను. ఇంటర్వ్యూలో పావుగంట దాని మీదే నడిచింది, ఏ షాపుతో ఎలా మాట్లాడావంటూ. నిజంగా చేసినవాడే అక్కడ తడబడకుండా చెప్పగలడు.

అనుభవం లేనివాళ్లకి అంకెలెక్కడివంటారా? నాన్న కిరాణా కొట్లో కూర్చున్నదీ అమ్మకమే, రోజుకెన్ని బిల్లులో రాయండి. బండి, లైసెన్సు ఉంటే రాయండి. ఇచ్ఛాపురం వైపు ఉద్యోగమైతే, ఒడియా వస్తే అది పైనే ఉండాలి.

ఫొటోతో రంగురంగుల టెంప్లేట్లు కూడా ఉన్నాయి. జిరాక్స్ తీస్తే నల్లగా వస్తాయి, అంతే.

నా పాత రెజ్యూమేలో రాజాం ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. 2022లో విజయనగరంలోకి వచ్చిందిగా, దిద్దించాను. నెట్ సెంటర్ కుర్రాడు అది వెంటనే మార్చాడు గానీ, డిక్లరేషన్ తీసేయమంటే మాత్రం "అది లేకపోతే ఎలా అన్నా?" అని చాలాసేపు ఒప్పుకోలేదు.