సంతకాలు పెట్టిన చేయి: 'పర్సోనా నాన్ గ్రాటా' చిత్ర సమీక్ష

పైఅధికారి మాట కాదనడమంటే మన సినిమాల్లో బల్ల గుద్దడం, రాజీనామా కాగితం ముఖాన కొట్టడం. సెల్లిన్ గ్లక్ దర్శకత్వంలో 2015లో వచ్చిన ఈ జపాన్ చిత్రంలో మాత్రం ఆ ధిక్కారం కుర్చీలోంచి లేవకుండా చేసే రాతపని. లిథువేనియాలోని కౌనాస్‌లో జపాన్ వైస్ కాన్సుల్‌గా ఉన్న చియునె సుగిహార, 1940 వేసవిలో, టోక్యో వద్దన్నా వినకుండా యూదు శరణార్థులకు ట్రాన్సిట్ వీసాలు (జపాన్ మీదుగా వేరే దేశానికి వెళ్లేందుకు అనుమతులు) ఇచ్చిన ఉదంతమే కథ.

చేరబోయే దేశపు అనుమతి, దారిఖర్చులకు డబ్బు ఉన్నవారికే వీసా ఇవ్వాలన్నది టోక్యో నిబంధన. గేటు బయట నిలబడ్డవారిలో చాలామందికి ఉన్నదల్లా, కరీబియన్‌లో డచ్ పాలనలో ఉన్న కురసావ్ ద్వీపానికి వీసా అక్కరలేదని డచ్ కాన్సుల్ యాన్ జ్వార్టెన్‌డైక్ రాసిచ్చిన కాగితం. అక్కడ దిగాలంటే గవర్నరు అనుమతి కావాలన్న సంగతిని ఆయన కావాలనే రాయకుండా వదిలేశారు. ఎవరూ వెళ్లని ఆ ద్వీపాన్ని గమ్యంగా చూపి, సుగిహార తన జాబితాలో 2,139 పేర్లు నమోదు చేశారు. ఒక్కో వీసానూ చేత్తో రాయాలి, సంతకం చేయాలి, ముద్ర వేయాలి. సుగిహారగా తొషియాకి కరసవ ఈ భాగంలో గొంతు పెంచకుండా నటించిన తీరు చిత్రానికి ప్రాణం. రైలు కదలబోతుండగా కిటికీలోంచి కాగితాలు అందించే ఘట్టం తెలిసిన కథే అయినా కళ్లు చెమర్చాయి.

సోవియట్ యూనియన్ నుంచి రైలుమార్గం కొనుగోలు నేపథ్యంగా సాగే మంచూరియా ఆరంభ భాగం మాత్రం గూఢచారి సినిమా మోజులో పడి సాగింది. సోవియట్‌లు సుగిహారను తమ దేశంలోకి ఎందుకు రానివ్వలేదో, చిత్రానికి 'పర్సోనా నాన్ గ్రాటా' (ఒక దేశం తనకు వద్దన్న దౌత్యవేత్త) అన్న పేరెందుకు వచ్చిందో చెప్పడానికి అంత హంగామా అవసరం లేదు. రష్యన్ భాషలో దిట్ట అయిన మనిషి చేత యూరప్‌లో అన్నిచోట్లా ఇంగ్లిష్ మాట్లాడించడం మరీ ఎబ్బెట్టుగా ఉంది.

సుగిహార రైలెక్కడంతో కథ ముగించకపోవడం దర్శకుడి మంచి నిర్ణయం. సోవియట్ రేవు పట్టణం వ్లదివస్తోక్‌లో ఆ వీసాల మీద మళ్లీ అడ్డంకి ఎదురైనప్పుడు, మంచూరియాలోని హార్బిన్‌లో సుగిహార చదివిన విద్యాలయంలోనే చదువుకున్న సబురో నెయి అనే మరో అధికారి, జపాన్ కాన్సుల్ ఇచ్చిన వీసాను జపానే చెల్లదంటే దేశం మాటకు విలువేముంటుందన్న వాదనతో శరణార్థులను జపాన్ రేవు త్సురుగ వెళ్లే ఓడ ఎక్కనిస్తాడు.