పన్నెండు కథలని కొంటే దొరికినవి ఎనిమిదే: గే ప్రేమకథల ఈబుక్ బండిల్స్ కొనేవాళ్లకు జాగ్రత్త

ఇద్దరు మగవాళ్ల ప్రేమకథలు చదివే అలవాటున్నవాళ్లు, ముఖ్యంగా "ఒకే పుస్తకంలో అన్ని రకాల కథలు" అంటూ తక్కువ ధరకి కనిపించే ఇంగ్లిష్ ఈబుక్ సంకలనాలు కొనేవాళ్లు, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. పోయిన నెల 399 రూపాయలు పెట్టి అలాంటిదొకటి కొన్నాను. పన్నెండు కథలు, ఆరు వందల పేజీలు, ఒక్కో కథ ఒక్కో తరహా అని రాశారు. చారిత్రకం, డిటెక్టివ్, సైన్స్ ఫిక్షన్, మంత్రాల లోకం, కౌబాయ్, ఐస్ హాకీ, దెయ్యాల ఇల్లు... చూడగానే ప్రాణం లేచొచ్చింది. తీరా లెక్కేస్తే, మొదలూ చివరా ఉండి, మరో కథకి కాపీ కానివి ఎనిమిదే.

ఇవి నాకు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్‌కి రోజూ ఎంఎంటీఎస్‌లో ముప్పావు గంట ప్రయాణం నాది. ఏడు వేల మాటల కథ సరిగ్గా ఆ ముప్పావు గంటలో అయిపోతుంది. ఇద్దరు కలుసుకుని, అపార్థం చేసుకుని, మళ్లీ దగ్గరై, చివరికి ఒకే వంటింట్లో కాఫీ కలుపుకుంటూ కనిపిస్తే ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది. తెలుగులో ఇలాంటివి నాకు దొరికింది చాలా తక్కువ, అందుకే ఇంగ్లిష్‌లో చదువుతాను.

తరహా మారినప్పుడల్లా ప్రేమకి వచ్చే అడ్డు కూడా మారుతుంది, నాకు బాగా నచ్చేది అదే. రెండు వందల ఏళ్ల కిందటి లండన్ కథలో భయం చట్టం నుంచి వస్తుంది, ఎందుకంటే ఇంగ్లండ్‌లో 1861 దాకా మగవాళ్ల మధ్య శారీరక సంబంధానికి ఉరిశిక్షే ఉండేది. అందులో ఒక ఉత్తరం ఎక్కడ దాచారన్న దాని మీదే కథంతా నడుస్తుంది. అంతరిక్షనౌక కథలోకి వచ్చేసరికి ఆ భయమే ఉండదు. వాళ్లిద్దరూ మగవాళ్లన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టదు, మధ్యలో ఉన్నది దూరం మాత్రమే. ఒకే వారంలో ఈ రెండూ చదివితే కలిగే ఊరట వేరు. ఆ ఊరట కోసమే ఆ బండిల్ కొన్నాను.

నేను మోసపోయింది శాంపిల్ దగ్గర. కొనేముందు చదవనిచ్చేది సాధారణంగా పుస్తకం మొదట్లో పదో వంతు. ఒకే నవలైతే ఆ పదో వంతుతో రచయిత చేయి తెలిసిపోతుంది. సంకలనంలో మాత్రం ఆ ముక్కంతా మొదటి కథకే సరిపోతుంది. వీళ్లు మంచి కథని ముందు పెట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు, పుస్తకాలు బైండింగ్ చేసే కుర్రాడు. నిజంగా చాలా బాగుంది. అది చదివి మిగతావీ అలాగే ఉంటాయనుకున్నాను.

తొమ్మిదో కథ కౌబాయ్ కథ. 1880ల నాటి వయోమింగ్‌లో పశువుల మందలు తోలుకెళ్లే ఇద్దరు. నాలుగో పేజీలో ఒకతను గుర్రపుశాల తలుపుకి ఆనుకుని, వంగి, స్కేట్ల లేసులు విప్పుకుంటూ రెండోవాడితో మాట్లాడతాడు. నాకు అర్థం కాలేదు, మళ్లీ చదివాను. గుర్రపుశాలలో స్కేట్లేంటి? వెనక్కి వెళ్లి నాలుగో కథ తెరిచాను, ఐస్ హాకీ కథ. అదే తలుపు, అదే మాట, మోచేతి మీద అదే కుట్ల మచ్చ. పేర్లు మార్చి, ఆట మైదానం ఉన్నచోటల్లా గుర్రపుశాల పెట్టారు. లేసులు మార్చడం మరిచిపోయారు. రైల్లో కూర్చుని రెండు కథలూ పేరా పేరా పక్కపక్కన పెట్టి చూశాను. మనం ఎంత ఇష్టంగా చదువుతామో తెలిసి కూడా ఇలా చేశారంటే కడుపు మండిపోయింది.

ఐదు, ఏడు, పదకొండు కథలు సగంలో ఆగిపోయాయి. డిటెక్టివ్ కథలో శవం దొరికింది, ఇద్దరూ మొదటిసారి చేయి పట్టుకున్నారు, అంతే. "మిగతాది పూర్తి నవలలో" అని ఒక లింకు. అంటే డబ్బు పెట్టి ప్రకటన కొన్నట్టు. చివరి వంద పేజీల పైన వేరే పుస్తకాల మొదటి చాప్టర్లే.

పదో కథ గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాని పైన రొమాన్స్ అని ఉంది. చివరి పేజీలో ఇద్దరిలో ఒకతను వంతెన మీంచి పడి చనిపోతాడు. విషాదాంతాలు రాయకూడదని నేననడం లేదు, మంచివి చదివి ఏడ్చిన రాత్రులున్నాయి. కానీ రొమాన్స్ అన్న మాటకి ఒక ఒప్పందం ఉంది. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చుకున్న నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి: కథకి కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. గే ప్రేమకథలకి ఆ రెండో షరతు ఊరికే రాలేదు. ఇంగ్లిష్ నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1913-14లో 'మారిస్' అనే గే ప్రేమ నవల రాసినప్పుడు ఇద్దరినీ కలిపే ముగించాలని పట్టుబట్టాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1971లో గానీ అచ్చు కాలేదు. ఆ సుఖాంతం కోసం అన్నేళ్లు ఆగాల్సి వచ్చింది. ఇప్పుడెవరో ఏ హెచ్చరికా లేకుండా చావు కథకి రొమాన్స్ లేబుల్ అంటించి అమ్మితే, ఇంట్లో ఏ అండా లేని పంతొమ్మిదేళ్ల పిల్లాడు రాత్రి ఒంటిగంటకి అది చదివితే ఏమవుతుందో ఆలోచించండి.

ఇలా పేజీలు నింపడం పాత జబ్బే. నెల చందా కట్టి చదివే అమెజాన్ వాళ్ల కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జులై నుంచి చదివిన పేజీల లెక్కన రచయితలకి డబ్బిస్తున్నారు. దాంతో కొందరు ఒకే కథని పది పుస్తకాల్లో కూరడం మొదలుపెట్టారు. 2018లో అమెజాన్ అదనపు సరుకు పుస్తకంలో పది శాతం దాటకూడదని నియమం పెట్టింది. నేను కొన్నది అక్కడ కాదు, ఇంకో చోట.

రీఫండ్ అడిగితే వెంటనే జవాబొచ్చింది: సగానికి పైగా చదివేశారు కాబట్టి కుదరదని. చదవకపోతే తొమ్మిదోది నాలుగోదేనని ఎలా తెలుస్తుంది? రెండు రోజులు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఊరుకోవడానికి కారణం డబ్బు తక్కువని కాదు. ఈ పుస్తకం పేరుతో ఫిర్యాదు రాయాలంటే చేయి ఆడలేదు. బెజవాడలో ఉన్న నా ఫ్రెండ్ కూడా ఇదే బండిల్ కొన్నాడట. అడిగితే "పోనీలేరా, ఎవరికైనా తెలిస్తే?" అన్నాడు. అప్పుడు అర్థమైంది, వీళ్ల ధైర్యం ఇదేనని. దొంగకి తేలు కుట్టినట్టు నోరెత్తకుండా ఉంటామని వాళ్ల లెక్క. మనం దొంగలం కాదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద తీర్పిచ్చినప్పటి నుంచి మన ప్రేమే నేరం కాదు, ఇక దాని గురించి కథ చదవడం నేరమెలా అవుతుంది?

2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ దుకాణం ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. సైట్‌లో అడుగున వెతికితే ఆ మెయిల్ ఐడీ దొరికింది. కథల సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. "పన్నెండని చెప్పిన పుస్తకంలో మూడు అసంపూర్తి, ఒకటి రెండుసార్లు" అని రాసి, స్కేట్ల పేజీ, గుర్రపుశాల పేజీ స్క్రీన్‌షాట్లు పెట్టాను. బిల్లులో పుస్తకం పేరు ఉంటుంది, నిజమే. అది చూసేది కంపెనీ మనిషి, మన ఇంట్లోవాళ్లు కాదు. పదకొండో రోజు 399 వెనక్కి వచ్చాయి. వాళ్లు పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఇంట్లోవాళ్లంటే ఇంకోటి గుర్తొచ్చింది, ఇది అన్నిటికంటే ముఖ్యం. నా అకౌంట్ మా అక్క ట్యాబ్‌లో కూడా లాగిన్ అయి ఉంది, పిల్లల బొమ్మల పుస్తకాల కోసం ఎప్పుడో పెట్టాను. కొన్న సాయంత్రమే అక్క ఫోన్ చేసి "ఏంట్రా, చొక్కాల్లేని ఇద్దరబ్బాయిల బొమ్మ వచ్చింది ఇందులో?" అంది. ఏదో ఫ్రీగా వచ్చిందని చెప్పాను. అక్కకి అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. చెప్పాల్సిన రోజు నేను ఎంచుకోవాలి గానీ ఒక కవర్ బొమ్మ కాదు. ఈ పుస్తకాలకి వేరే అకౌంట్ పెట్టుకోండి, కొనేముందు ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూసుకోండి.

ఇకనుంచి నేను బండిల్ కొనాలంటే ముందు విషయసూచిక చూస్తాను. కథ పక్కన రచయిత పేరు లేకపోతే వదిలేస్తాను. అక్కడున్న రచయితల కథ ఇంకెక్కడైనా విడిగా దొరికితే అది చదివి చూస్తాను. నవెల్లా, అంటే చిన్న నవల, అన్న మాటనీ నమ్మను. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ రచయితలు ఇచ్చే నెబ్యులా అవార్డుల లెక్కలో 7,500 మాటల లోపుది షార్ట్ స్టోరీ, నవెల్లా అంటే కనీసం 17,500 ఉండాలి. ఈ బండిల్‌లో నవెల్లా అన్నవి ఒక్కో ప్రయాణంలో ఒక్కోటి అయిపోయాయి. రివ్యూల్లో ఐదు స్టార్లవి వదిలేసి రెండు, మూడు స్టార్లవి చదవండి. కథ సగంలో ఆగిందని చెప్పేవాళ్లు అక్కడే ఉంటారు.

నిన్న చూస్తే అదే బండిల్ కొత్త పేరుతో, కొత్త కవర్‌తో 299కి మళ్లీ పెట్టారు. ఈసారి కౌబాయ్ కథ మూడోది. పేరు చూసి గుర్తుపట్టలేరు కాబట్టి ఈ ఆనవాలు పెట్టుకోండి: మొదటి కథలో సైనికుడు చిరిగిన బైబిల్ బైండింగ్‌కి తెస్తాడు, కౌబాయ్ కథ నాలుగో పేజీలో గుర్రపుశాల తలుపు దగ్గర ఒకతను స్కేట్ల లేసులు విప్పుతుంటాడు.