తైవాన్ స్ప్రేయర్‌లో జాసో ఎఫ్‌డి 2టీ ఆయిల్: ఐదు మిరప సీజన్ల తర్వాత

2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డాక గుంటూరు చుట్టుపక్కల మందు కొట్టే దఫాలు బాగా పెరిగాయి. వీపున తగిలించుకుని పెట్రోల్ ఇంజిన్‌తో మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లకు రెస్టు లేకుండా పోయింది. ఈ 26 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్‌కి విడిగా చోటుండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే క్రాంక్ బేరింగుకీ పిస్టన్‌కీ దిక్కు. అందుకే ఏ ఆయిల్ పోస్తున్నాం, ఎంత పోస్తున్నాం అన్నది చిన్న విషయం కాదు.

మామూలు 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్‌తో నెల తిరక్కుండానే సైలెన్సర్ మూతి కార్బన్‌తో పూడుకుపోయేది. డబ్బా మీద జాసో ఎఫ్‌డి (పొగ, మసి తక్కువ వచ్చే టూ స్ట్రోక్ ఆయిల్‌కి జపాన్ ఇచ్చే గ్రేడు) అని ఉన్న ఆయిల్‌కి మారాక సీజన్‌కి ఒక్కసారి గీకితే చాలు. పొగ బాగా తగ్గింది. వీపున ఇంజిన్ మోస్తూ సాళ్ల మధ్య గంటలకొద్దీ నడిచే మనిషికి అది చిన్న మేలు కాదు. ధర ఎక్కువే, అయినా దీన్నే వాడమంటాను. మోటార్‌సైకిల్‌కి పోసే 20డబ్ల్యూ40 మాత్రం ఇందులో వద్దే వద్దు. అది కాలినప్పుడు మిగిలే బూడిద ప్లగ్గు మీదా పిస్టన్ తల మీదా గట్టిపడుతుంది.

కొలత దగ్గర మెషిన్ మీద అంటించిన స్టిక్కర్‌దే తుది మాట. చాలా తైవాన్ ఇంజిన్లకు 25:1 (25 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్), అంటే లీటరుకు 40 మి.లీ. కొన్నింటికి 50:1, అంటే 20 మి.లీ. ఇలాంటి టూ స్ట్రోక్ మెషిన్లు చేసే స్టిల్ కంపెనీ తన ఆయిల్‌కి 50:1, వేరే ఆయిల్ అయితే 25:1 అంటుంది. కాబట్టి పక్క చేనువాళ్ల లెక్క మనకు పనికిరాదు.

"ఇంకాస్త పోస్తే ఇంజిన్‌కి మంచిదేగా" అనేవాళ్లే ఎక్కువ. అసలు తప్పు అక్కడే ఉంది. కార్బురేటర్ జెట్‌లోంచి (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) వెళ్లే ద్రవం ఎప్పుడూ అంతే ఉంటుంది, అందులో ఆయిల్ పెరిగినకొద్దీ పెట్రోలు తగ్గుతుంది. గాలి పాలు ఎక్కువై మంట వేడెక్కుతుంది, మిగిలిన ఆయిల్ కార్బన్ అవుతుంది.

సీసా మూతతో కొలవొద్దు. మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి దొరుకుతుంది. 25:1కి 5 లీటర్ల క్యానులో సగం పెట్రోలు పోసి, సిరంజితో నాలుగుసార్లు ఆయిల్ (200 మి.లీ.) వేసి, మూత బిగించి బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదపాలి. ముందు ఆయిల్, పైన పెట్రోలు అని నేరుగా ట్యాంకులో పోస్తే చిక్కటి ఆయిల్ అడుగున నిలిచి కార్బురేటర్‌లోకి దిగుతుంది. తాడు ఎన్నిసార్లు లాగినా స్టార్ట్ కాకపోతే ప్లగ్గు విప్పి చూడండి, నల్లగా తడిసి ఉంటుంది. కొలత కుదిరిన ఇంజిన్ ప్లగ్గు కాఫీపొడి రంగులో పొడిగా ఉంటుంది. తెల్లబడితే వెంటనే ఆపండి, పిస్టన్ పట్టేసే దారిలో ఉంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి పాత సెట్టింగు మీద గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచనవుతుంది. నీడిల్ (జెట్‌లో దిగి పెట్రోలు పాలు సరిచేసే సూది) ఉన్న కార్బురేటర్‌లో దాని క్లిప్పును ఒక గాడి కిందికి మారిస్తే నాకు ప్లగ్గు రంగు సరిపోయింది. ఇథనాల్ తేమను లాగేసుకుంటుంది. నీళ్లు మరీ చేరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. ఆయిల్ పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఇంజిన్ తాగేది మాత్రం అడుగుదాన్నే. మందు డ్రమ్ము పక్కన క్యాను మూత తీసి పెట్టకండి. కలిపింది రెండు వారాల్లో వాడెయ్యాలి, పోసే ముందు ప్రతిసారీ కుదపాలి. పెట్రోల్ ట్యూబు గట్టిపడిందేమో నెలకోసారి వంచి చూసుకోవాలి.

కోతలయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. ప్లగ్గు విప్పి 5 మి.లీ. 2టీ ఆయిల్ వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించండి. తర్వాత తాడు బిగుతుగా తగిలే చోట ఆపితే పిస్టన్ పైకి వచ్చి సైలెన్సర్ దారి మూసుకుంటుంది. అలాగే నీడలో పెట్టండి.