పాత కారు భాగాల మీది పౌడర్ కోటింగ్: తీసేయాలా, పైన రంగు వేయాలా? నాలుగేళ్ల అనుభవం

నాలుగేళ్ల క్రితం నా కారు కోసం నాలుగు అలాయ్ (అల్యూమినియం మిశ్రమం) చక్రాలు, చక్రాన్ని కారు చట్రానికి కలిపే స్టీలు సస్పెన్షన్ ఆర్ములు రెండు, ఇంజన్ పైన మూతలా ఉండే అల్యూమినియం వాల్వ్ కవరు ఒకటి కొన్నాను. అన్నీ వాడినవే. అన్నిటి మీదా మునుపటి యజమాని వేయించిన పౌడర్ కోటింగ్ ఉండేది, అది అక్కడక్కడా దెబ్బలు తిని ఉంది. కొన్నింటి పూతను లోహం కనిపించేదాకా తీసేశాను, కొన్నింటికి పైనే రంగు వేశాను. రెండు పద్ధతులూ ఒకే కారు మీద, ఒకే బురదలో, ఒకే ఎండలో నలిగాయి కాబట్టి వాటిని పోల్చి చెప్పగలను.

పాత భాగం మీద ఉన్నది పౌడర్ కోటింగా, మామూలు స్ప్రే పెయింటా అన్నది మొదట తేల్చుకోవాలి. థిన్నర్‌తో తడిపిన గుడ్డతో ఒక మూల అరనిమిషం గట్టిగా రుద్దితే డబ్బా స్ప్రే రంగు మెత్తబడి గుడ్డకు అంటుతుంది, పౌడర్ పూత దాదాపు చలించదు. విద్యుదావేశంతో లోహానికి పట్టించిన పొడిని ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాల్చినప్పుడు అది కరిగి, ఒకదానికొకటి అల్లుకున్న గట్టి పొరగా మారుతుంది. ఆ తరువాత అది మళ్లీ కరగదు, థిన్నర్‌కు లొంగదు. మందం కూడా సాధారణంగా 60 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటుంది కాబట్టి చేత్తో రుద్ది తీసేద్దామనుకుంటే రోజులు పడతాయి. డ్రిల్లుకు తగిలించిన తీగ బ్రష్షుతో ప్రయత్నిస్తే పూత వేడెక్కి మెత్తబడి, ఊడాల్సింది పోయి లోహం మీదే పులుముకుంటుంది.

రెండు చక్రాలకు రసాయన స్ట్రిప్పర్, అంటే పూతను ఊడదీసే మందు, వాడాను. పూర్వం వీటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది. అది నిమిషాల్లో పని చేసేది, కానీ గాలి ఆడని గదుల్లో దాని ఆవిరి ప్రాణాలు తీసింది. అందుకే నేను బెంజైల్ ఆల్కహాల్ ఆధారిత రకాన్ని ఎంచుకున్నాను. ఇది చాలా నెమ్మది. దళసరిగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ షీటు చుట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లవారి షీటు తీస్తే చదునైన చోట్ల పూత కాగిన పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది, ప్లాస్టిక్ గరిటెతో తోస్తే అరచేయంత ముక్కలుగా వచ్చింది. ఊచల మూలల్లో మాత్రం కదల్లేదు, అక్కడ మరో రెండు విడతలు పట్టింది. నట్ల రంధ్రాల అంచున మిగిలిన స్ట్రిప్పర్‌ను నేను సరిగా కడగలేదు. వారం తరువాత ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) సరిగ్గా అక్కడే బొబ్బలెత్తింది. కాస్టిక్ సోడా వాడమని సలహా ఇచ్చేవారున్నారు గాని, అది అల్యూమినియంను తినేస్తుంది కాబట్టి చక్రాల దరిదాపులకు కూడా రానీయకూడదు. పూతను కాల్చి తీసే ఓవెన్ల వేడికి అలాయ్ చక్రాల బలం తగ్గే ప్రమాదం ఉంది కనుక ఆ దారి కూడా వద్దనుకున్నాను.

ఆర్ములకు వాటి కీళ్ల దగ్గరి బుష్‌లు, బాల్ జాయింట్లు ఊడదీసి బ్లాస్టింగ్ చేయించాను, అంటే గాలి ఒత్తిడితో గట్టి రేణువులను చిమ్మి పూతను రాలగొట్టించాను. గాజు పూసలు ఈ పూత మీద తగిలి ఎగిరిపోయాయి, పదునైన అల్యూమినియం ఆక్సైడ్‌తోనే పని జరిగింది. భారం మోసే భాగాల విషయంలో నా అభిప్రాయం గట్టిది: పూత మొత్తం తీయాల్సిందే. నా ఆర్ముల్లో ఒకదాని వెల్డు పక్కన, అంత నిగనిగలాడే నలుపు కింద, తుప్పు గుంటలు బయటపడ్డాయి. పైన రంగు వేసి ఉంటే అవి నాకు ఎప్పటికీ కనిపించేవి కావు.

మిగతా రెండు చక్రాలకు, వాల్వ్ కవరుకు పైనే రంగు వేశాను. మొదటి చక్రానికి ఎచ్ ప్రైమర్ వాడటం నా పొరపాటు. అందులోని ఆమ్లం పట్టు సంపాదించేది వట్టి లోహం మీద, ప్లాస్టిక్ లాంటి ఈ పూత మీద కాదు. ఆరు నెలలకే కారు కడిగే నీటి పంపు ధాటికి రంగు రేకులా లేచిపోయింది. రెండోసారి ముందు గ్రీజు, మైనం పోయేలా కడిగి, 320 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పూర్తిగా చచ్చేదాకా రుద్ది, దెబ్బల అంచులను చేతికి తగలనంతగా వాలుగా చేసి, గట్టిపరిచే ద్రవం కలిపే రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద రంగు, ఆపైన రంగు లేని పారదర్శక పొర (క్లియర్ కోటు) కొట్టాను. పట్టు గట్టిగా ఉన్న పాత పూత మీద వేసిన ఆ రంగు, లోహందాకా తీసి వేసిన చక్రాల రంగుతో సమానంగా నిలిచింది, రాళ్ల దెబ్బలకు ఇంకా తక్కువగా చిట్లింది.

ఒక్క చోట మాత్రం ఓడిపోయింది. రిమ్ము అంచున చిన్న పెచ్చు ఊడిన చోటును నేను పైపైన రుద్ది వదిలేశాను. రెండో వానాకాలం తరువాత అక్కడ రంగు కింద సన్నని పురుగు పాకినట్టు గీతలు కనిపించాయి. చాకు మొనతో లేపితే పాత పూత, కొత్త రంగు కలిసి ఒకే పెచ్చుగా వచ్చాయి, కింద అల్యూమినియం తుప్పు తెల్లని పొడిగా ఉంది. చెడింది నా రంగు కాదు, దాని కింద ఎప్పుడో పట్టు వదిలేసిన పాత పూత. అందుకే ఇప్పుడు ప్రతి దెబ్బ పక్కనా బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగి చూస్తాను. ముక్కలు వస్తే, రావడం ఆగేదాకా గీకుతూ పోతాను.

వాల్వ్ కవరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నూనె పోసే మూత చుట్టూ కాస్త లేచింది, తక్కినదంతా బాగుంది.

చక్రం హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనే ముఖం మీద, నట్లు కూర్చునే వాలు మీద కొత్త పొర పడనీయకూడదు. నేను ఒక చక్రానికి అక్కడ టేపు వేయడం మరచిపోయాను. మొదటి వంద కిలోమీటర్ల తరువాత నిర్ణీత బిగువు దాకా బిగించే టార్క్ రెంచ్ పెడితే ఐదు నట్లలో మూడు మళ్లీ తిరిగాయి. మధ్యలో రంగు నలిగి పలచబడి, బిగింపు సడలింది. ఆ ముఖాన్ని వట్టి లోహం వచ్చేదాకా శుభ్రం చేసి మళ్లీ బిగించాక ఈ నాలుగేళ్లలో ఒక్క నట్టూ కదల్లేదు.