మిడత మియోసిస్ స్లైడ్ల బాక్స్: డిప్లోటీన్ కోసమైనా కొనొచ్చు

మా కాలేజీ ల్యాబ్‌కి ఆన్‌లైన్‌లో తెప్పించాం, మగ మిడత వృషణంతో చేసిన పర్మనెంట్ స్లైడ్లు, మియోసిస్ (బీజకణాల కోసం క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణ విభజన) మొదటి దశ లెప్టోటీన్ నుంచి చివరి దశ టెలోఫేజ్ 2 దాకా ఉన్నాయి. బైపీసీ పిల్లలకి బోర్డు మీద ఎంత గీసినా ఎక్కనిది ఇందులో చూస్తే ఎక్కేస్తోంది.

డిప్లోటీన్ స్లైడ్ మాత్రం సూపరండీ. 40ఎక్స్ లెన్స్‌లో పెట్టి ఫైన్ అడ్జస్ట్‌మెంట్ మెల్లగా తిప్పుతుంటే జతకట్టిన క్రోమోజోములు దూరం జరుగుతూ కొన్నిచోట్ల మాత్రం ఇంకా అతుక్కునే ఉంటాయి, అవే కయాస్మాలు, మధ్యలో ఒక్కటే ఉంటే జత క్రాస్ గుర్తులా కనిపిస్తుంది, రెండు చివర్లా ఉంటే రింగులా. క్రాసింగ్ ఓవర్, అంటే జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం, అంతకుముందు దశ పాకిటీన్‌లోనే అయిపోయింది, మనం చూసేది దాని ఆనవాలు. ఇంకోటి, మగ మిడతకి వై క్రోమోజోము ఉండదు, ఎక్స్ ఒక్కటే, దానికి జత లేదు కాబట్టి ప్రొఫేజ్‌లో (లెప్టోటీన్, పాకిటీన్, డిప్లోటీన్ లాంటివన్నీ ఉండే మొదటి భాగం) పక్కన ముదురు రంగు ముద్దలా విడిగా ఉంటుంది. చాలా మిడత జాతుల్లో మగదానికి 23 క్రోమోజోములు, అంటే 11 జతలు, ప్లస్ ఆ ఎక్స్. జతలు విడిపోయే దశ అనాఫేజ్ 1లో మంచి కణం దొరికించుకుని ఓపిగ్గా లెక్కపెడితే ఒకవైపు 12, ఇంకోవైపు 11 వస్తాయి! మా పిల్లలు స్లైడ్ దగ్గర్నుంచి కదల్లేదు. ఇక్కడ సెంట్రోమియర్ (క్రోమోజోములోని రెండు పోగుల్ని కలిపి ఉంచే చోటు) చీలదు, జతలోని రెండూ చెరో వైపు పోతాయంతే, చీలేది అనాఫేజ్ 2లో. పరీక్షల్లో మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే కాబట్టి రెండు స్లైడ్లూ పక్కపక్క మైక్రోస్కోపుల్లో పెట్టి చూపించండి.

నచ్చనివి కూడా చెప్పాలి. జైగోటీన్ (పాకిటీన్‌కి ముందు దశ) అని లేబుల్ వేసిన దాంట్లో ఎక్కువ కణాలు పాకిటీన్‌లో ఉన్నాయి. ఒకే స్లైడ్‌లో రెండు మూడు దశలు కలిసి కనబడటం మామూలే, వృషణంలో కణాలన్నీ ఒకేసారి విభజన చెందవు కదా, కానీ లేబుల్ వేసేవాళ్ళు చూసి వెయ్యాలి. మియోసిస్ 2 స్లైడ్లకి రంగు సరిగా పట్టలేదు, అసలే చిన్న క్రోమోజోములు, 100ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్ లేకపోతే కష్టం. ఒక స్లైడ్ కవర్ స్లిప్ పగిలి వచ్చింది, ఫొటో పంపినా మార్చలేదు, ఆ పద్ధతి అస్సలు బాలేదు. నాలుగు స్టార్లు ఇస్తున్నా.

కొన్నవాళ్ళు ఆయిల్ తుడిచేటప్పుడు జైలీన్ లెన్స్ పేపర్‌కి కొద్దిగా అద్దుకోండి చాలు, ఎక్కువైతే కవర్ స్లిప్ అంచున ఉన్న డీపీఎక్స్ (కవర్ స్లిప్‌ని అతికించే జిగురు) కరిగిపోతుంది.