గని వ్యర్థాల్లో కార్బన్ డయాక్సైడ్: ఆరుబయట పరచడమా, రియాక్టర్‌లో ఉడికించడమా?

నికెల్, ఆస్బెస్టాస్ గనుల మెత్తటి వ్యర్థాల్లో మెగ్నీషియం దండిగా ఉంటే, అది కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కలిసి గట్టి రాయిగా మారుతుంది. ఆ వాయువును ఇలా బంధించడానికి దారులు రెండు.

మొదటిది, ఉన్నచోటే పలుచగా పరిచి గాలి సోకనివ్వడం. ఇక్కడ చురుగ్గా పనిచేసేది బ్రూసైట్ అనే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఖనిజం. టన్ను బ్రూసైట్ పూర్తిగా మాగ్నసైట్‌గా, అంటే మెగ్నీషియం కార్బనేట్‌గా, మారితే 0.75 టన్నుల వాయువు రాయిలో కలిసిపోతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మౌంట్ కీత్ నికెల్ గని వ్యర్థాలు ప్రత్యేక ఏర్పాటేదీ లేకుండానే ఏటా దాదాపు 40,000 టన్నులు పట్టుకున్నాయని అంచనా. చిక్కంతా తేమ దగ్గరే. సందులు నీటితో నిండితే వాయువు లోపలికి పోదు, పూర్తిగా ఎండితే చర్యే ఆగిపోతుంది. పైన కార్బనేట్ పెచ్చు కట్టినా అంతే, దున్ని తిరగేయాలి. దున్నేముందు తడపడం మాత్రం మరవకూడదు: క్రైసోటైల్ అనే ఆస్బెస్టాస్ నార గాలిలోకి లేస్తే ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

రెండోది రియాక్టర్, అంటే వేడి, పీడనం పెంచి చర్యను వేగంగా నడిపే మూసిన పాత్ర. 75 మైక్రాన్లలోపు నూరిన ఒలివిన్ అనే మెగ్నీషియం సిలికేట్ ఖనిజాన్ని బైకార్బనేట్ కలిపిన ఉప్పునీటిలో 185 డిగ్రీల సెల్సియస్, 150 బార్ల కార్బన్ డయాక్సైడ్ పీడనంలో ఉంచితే చర్య గంటల్లో సాగుతుంది. నీటిని తనలో బంధించుకున్న మరో మెగ్నీషియం సిలికేట్, సర్పెంటీన్ అయితే ముందే 600 డిగ్రీలు దాటించి కాల్చి, అందులోని నీటిని వెళ్లగొట్టాలి. ఆ కొలిమి బొగ్గుతో మండితే దక్కిన లాభంలో చాలా భాగం పొగలోనే పోతుంది. రేణువుల మీద సిలికా పొర పేరుకుని చర్య మందగించడం మరో బెడద.

బ్రూసైట్ ఉంటే మొదటిదే మేలు. ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో, అంటే ఎక్స్‌రేలు పంపి స్ఫటికాలను గుర్తించే పరీక్షతో, ఖనిజాల పాళ్లు తేల్చాలి. ఫలితాన్ని బరువుతో లెక్కగట్టకండి, కార్బనేట్లు నీటినీ పట్టుకుంటాయి, కార్బన్‌నే కొలవాలి.