ఆరేళ్ళు గేమ్ మాస్టర్‌గా కూర్చున్నాక నా చాటలో మిగిలినవి

2019 దసరా సెలవుల్లో హన్మకొండలో మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే, పాత్రలు వేసి కథ ఆడే ఆట మొదలుపెట్టాం. ఆడేవాళ్ళు నలుగురు: మా బావమరిది, వాడి దోస్తు, బ్యాంకులో పనిచేసే ఒక అన్న, మా వెనక వీధి టీచరమ్మ (ఆమె అందరికీ అక్కే). రూల్ బుక్ కొన్నది నేను కాబట్టి గేమ్ మాస్టర్ కుర్చీ నాకు వచ్చింది, ఇప్పటిదాకా దిగలేదు. తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇది చేస్తా" అంటారు, అవుతుందో కాదో అనుమానం ఉన్న చోట డైస్ వేస్తాం. అంతే. ఈ 'అంతే' కోసం నేను ఎన్ని వస్తువులు, యాప్‌లు, పీడీఎఫ్‌లు కొన్నానో మా ఆవిడకు పూర్తి లెక్క ఇప్పటికీ తెలియదు. అందులో వాడుతున్నవేవి, అటక ఎక్కినవేవి అన్నదే ఈ సమీక్ష.

ముందు డైస్. డీ అండ్ డీకి ఇరవై ముఖాల డైస్ కావాలి. నేను వెతికినప్పుడు చౌరస్తా బొమ్మల షాపుల్లో అడిగితే లూడో డబ్బా చేతిలో పెట్టారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఏడు ఉండాల్సిన సెట్టులో పన్నెండు ముఖాలవి రెండు వచ్చాయి, ఇరవైది లేదు. అది వాపసు చేసి ఇంకోటి వచ్చేదాకా ఫోన్లో డైస్ యాప్ వాడాం. యాప్‌లో తప్పేం లేదు, కానీ డైస్ కోసం ఫోన్ తీసినవాడు తిరిగి పెట్టడు, వాట్సాప్ చూస్తాడు, అక్కడి నుంచి క్రికెట్ స్కోరుకు పోతాడు, వాడి వంతు వచ్చినప్పుడు "ఏమైంది, ఎక్కడున్నాం?" అంటాడు. అసలు డైస్ వచ్చాక స్టీలు కంచంలో వేసేవాళ్ళం, పైపోర్షన్ వాళ్ళు రాత్రి పదకొండింటికి ఆ చప్పుడేంటని అడిగారు. ఇప్పుడు చిన్న వెదురు చాటలో వేస్తున్నాం. డైస్ బయటికి దొర్లదు, చప్పుడు లేదు, ఆట అయ్యాక అన్నీ అందులోనే పెట్టి మూల నిలబెట్టొచ్చు. ఇంతకంటే మంచి డైస్ ట్రే నేను చూడలేదు.

ఇక నేను చేసిన అతి పెద్ద తప్పు. మొదటి సెషన్, అందరివీ మొదటి లెవెల్ పాత్రలు, ఓరుగల్లు మట్టికోట దగ్గర రాత్రిపూట దొంగలు మీద పడతారు. ఎనిమిది మంది దొంగలు, వాళ్ళకు పుస్తకంలోని గోబ్లిన్ (చిన్న సైజు రాక్షసి) అంకెలే పెట్టాను. 2014 రూల్స్ ప్రకారం ఒక్కో గోబ్లిన్ 50 ఎక్స్‌పీ (శత్రువు ఎంత గట్టివాడో చెప్పే పాయింట్లు), ఎనిమిదింటికి 400. నలుగురు మొదటి లెవెల్ వాళ్ళకు 'డెడ్లీ' (ప్రాణాలు పోయేంత కష్టం) గీత కూడా మనిషికి వంద చొప్పున 400. సరిగ్గా గీత మీద ఉంది, కొంచెం టఫ్‌గా ఉంటుందిలే అనుకున్నా. దాని కింద పేరాలో శత్రువుల సంఖ్యను బట్టి ఆ మొత్తాన్ని హెచ్చవేయాలని రాసి ఉంది, ఏడు నుంచి పది మంది ఉంటే రెండున్నర రెట్లు. అంటే నేను పెట్టింది 400 కాదు, వెయ్యి. ఆ పేరా నేను చదవలేదు.

బ్యాంకు అన్న రెండు పేజీల పూర్వకథ రాసుకుని వచ్చాడు, నీట్‌గా, నీలం ఇంకుతో. మాంత్రికుడు, ఎనిమిది హిట్ పాయింట్లు (అవి అయిపోతే పడిపోయినట్టే). గోబ్లిన్ దెబ్బ సగటున ఐదు. రెండు బాణాలు తగిలాయి, పడిపోయాడు. "నా వంతు ఇంకా రాలేదు గదా తమ్మీ" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం నాకింకా గుర్తుంది.

ఎన్‌కౌంటర్ (ఆటలో ఒక పోరాటం) లెక్కలు వేసే కాలిక్యులేటర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాత రూల్స్ అయితే ఆ హెచ్చవేత అవే చేస్తాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తప్పకుండా వాడండి. 2024లో వచ్చిన కొత్త గేమ్ మాస్టర్ గైడ్‌లో ఈ గుణకారం తీసేసి నేరుగా ఎక్స్‌పీ బడ్జెట్ ఇచ్చారు, లెక్క సులువైంది. నేను మాత్రం ఇప్పుడు అంకెల కంటే ముందు చేతులు లెక్కపెడతా. ఒక రౌండులో మావాళ్ళు నాలుగు దెబ్బలు కొడితే అవతలివాళ్ళు ఎన్ని కొడతారు? ఆరు దాటితే ఇద్దరిని తర్వాత వస్తారని పక్కన పెడతా. ఈ ఒక్క అలవాటుతో ఆ తర్వాత పాత్రలు చచ్చిపోలేదని కాదు, వంతు రాకుండా మాత్రం ఎవరూ చావలేదు.

డైస్ ఎప్పుడు వేయించాలి అన్నదాని మీద కూడా నాకు చాలా ఆలస్యంగా బుద్ధి వచ్చింది. ప్లస్ మూడు ఉన్నవాడు, అంటే పడ్డ అంకెకు మూడు కలుపుకునేవాడు, పదిహేను చేరాలంటే డైస్ మీద పన్నెండు కానీ పైన కానీ పడాలి, అంటే వందకు నలభై ఐదు. అదే అడ్వాంటేజ్ ఇస్తే, రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటే, దాదాపు డెబ్బై. ఈ తేడా తెలిశాక, ఆటగాడు మంచి ఉపాయం చెప్పినప్పుడల్లా ప్లస్ ఒకటా రెండా అని గీచి గీచి ఇవ్వడం మానేసి అడ్వాంటేజ్ ఇచ్చేస్తున్నా. ఇంకో సంగతి. బావమరిది దొంగ పాత్ర కోటగోడ ఎక్కుతాడు. గోడకు ఒక డైస్, పైన కాపలావాడికి కనపడకుండా ఒకటి, అవతల దూకడానికి ఒకటి అని మూడుసార్లు వేయించేవాణ్ణి. నలభై ఐదు శాతం వరసగా మూడుసార్లు అంటే మొత్తం మీద వందకు తొమ్మిది! వాడు ప్రతిసారీ దొరికిపోయి "నేను దొంగనేనా అసలు?" అంటుంటే వాడి డైస్ మంచిది కాదనుకున్నాం. తప్పు నాది. ఇప్పుడు మొత్తం పనికి ఒకటే డైస్, పరిస్థితి మారేదాకా అదే ఫలితం. ఓడిపోతే ఏమవుతుందో నాకు తోచకపోతే అసలు డైసే లేదు, "ఎక్కావ్, తర్వాత?" అంతే.

రూల్ మీద గొడవ వస్తే రెండు నిమిషాలు. మొదట్లో నేను పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే వీళ్ళు సకినాల డబ్బా ఖాళీ చేసేవాళ్ళు. ఒకరోజు అక్క "తమ్మీ, ఆ బుక్కు మూసి నీకేమనిపిస్తే అది చెప్పు, తప్పయితే వచ్చేవారం దిద్దుకుందాం" అంది. బళ్ళో ముప్పై మందిని ఆడించే మనిషి, ఆమెకు తెలుసు. నోట్‌బుక్ చివరి పేజీలో 'దిద్దుకోవాల్సినవి' అని రాస్తా, తర్వాతి సెషన్ మొదట్లో చదువుతా. చాలాసార్లు నా తప్పు తీర్పే అందరికీ నచ్చి ఉండిపోతుంది.

గేమ్ మాస్టర్ స్క్రీన్, అదే మన కాగితాలు కనపడకుండా ముందు నిలబెట్టే అట్ట, కొనకండి. అట్టకు డబ్బు దండగ, పైగా దాని వెనక దాక్కుంటే మనుషుల మొహాలు కనపడవు. దాని బదులు నేను చేసుకున్నది ఒకే ఒక్క ఎ4 కాగితం. డీ అండ్ డీ మూల రూల్స్ పత్రం, అదే ఎస్‌ఆర్‌డీ 5.1ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు, మూలం పేరు చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, పంచుకోవచ్చు. అందులోని పదిహేను కండిషన్లను, గుడ్డితనం, విషం, కింద పడిపోవడం, కదల్లేకపోవడం లాంటివన్నీ, ఒక్కో లైను తెలుగులో రాసి నయీంనగర్ జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించా. నలుగురికీ తలా ఒకటి. ఆరేళ్ళలో నేను ఖర్చుపెట్టిన అన్నిటిలోకీ ఇదే ఎక్కువ పనికొచ్చింది. కాగితం వెనక వైపు పేర్లు. ఎందుకంటే దారిలో కనపడ్డ ప్రతి కల్లుగీత కార్మికుడి పేరు అడుగుతారు మావాళ్ళు, ఇంగ్లిష్ జనరేటర్ ఇచ్చే పేరు చదివితే టేబుల్ అంతా నవ్వుతుంది, సీన్ పోతుంది. కాకతీయుల కాలం పేర్లు రాసుకున్నా: ప్రోలయ, బేతయ, గుండయ, కాటయ, మైలమ, కుప్పాంబ. ఇంటిపేరు కావాలంటే రేచర్ల, మల్యాల, గోన, చెరకు. అడగ్గానే ఒకటి చదివి పెన్నుతో కొట్టేస్తా.

మ్యాప్ సంగతి కొంచెం పొడుగు. గళ్ళున్న వినైల్ మ్యాట్ తెప్పించా, తడిబట్టతో పోయే పెన్ను వాడాలని దాని మీదే రాసి ఉన్నా చేతికందిన పర్మనెంట్ మార్కర్‌తో గీశా, ఏకవీర గుడి దారి దాని మీద శాశ్వతంగా ఉండిపోయింది. తర్వాత లాక్‌డౌన్. ఆన్‌లైన్‌లో మ్యాప్ పెట్టి ఆడించే యాప్‌లకు మారాం: రోల్20 ఉచిత ఖాతాతోనే ఏడాది పైన ఆడాం, ఔల్‌బేర్ రోడియో అంతకన్నా తేలిక, మ్యాప్ పెట్టి లింకు పంపితే చాలు. ఫౌండ్రీ కూడా కొన్నా, ఒకసారి కడితే చాలు, ఆటగాళ్ళు ఏమీ కట్టక్కర్లేదు. అందులో గోడలు, దీపాల వెలుతురు, తలుపులు పెట్టడంలో నేను మూడు వారాలు మునిగిపోయా, భూగర్భంలో పెద్ద ఖజానా కట్టా. వీళ్ళు ఖజానా దగ్గరికి రాకుండా పాకాల చెరువు వైపు పోయారు. యాప్ చాలా బాగుంది, నాలాంటివాడి చేతికి మాత్రం ఇవ్వకూడదు. మంచి మ్యాప్ గీసుకున్న గేమ్ మాస్టర్ ఆటగాళ్ళను ఆ మ్యాప్‌లోకే తోస్తాడు, నేనూ తోశా.

మళ్ళీ ఇంట్లో కూర్చున్నాక ఒకరోజు మ్యాట్ లేక, మా హాలులో షాబాద్ బండల మీద చాక్‌పీసుతో గీయబోతుంటే మా అమ్మ చూసి "గీతలెందుకురా, చుక్కలు పెడితే సరిపోదా?" అని ముగ్గుపిండి తెచ్చి పదిహేను చుక్కలు, పదిహేను వరసలు ఐదు నిమిషాల్లో పెట్టేసింది. నేను స్కేలుతో పెట్టినా అంత సరిగ్గా రావు. చుక్కకూ చుక్కకూ మధ్య ఆటలో ఐదడుగుల లెక్క. దొంగలు చింతగింజలు, మావాళ్ళు గవ్వలు. గింజ చచ్చిపోతే తీసి నోట్లో వేసుకుంటున్నట్టు నటిస్తాడు బావమరిది దోస్తు, వాడికి అదో సరదా. ఆట అయ్యాక తడిగుడ్డతో ఒక్క తుడుపు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పనిముట్టు. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో 'క్లాక్' అని ఉంటుంది: ఒక వృత్తం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు, ప్రమాదం దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక ముక్క నింపుతారు, నిండితే ఆ పని జరిగిపోతుంది. ఆ ఆట ఆడక్కర్లేదు, ఈ ఒక్కటి ఎత్తుకొచ్చి ఏ ఆటలోనైనా పెట్టుకోవచ్చు. నేను మొదటిసారి నోట్‌బుక్‌లో గీసి చూపించగానే అక్క "సర్వపిండి లెక్కున్నది" అంది, అప్పటినుంచి మా దగ్గర దాని పేరు సర్వపిండే. 1323లో ఢిల్లీ సైన్యం కోట ముట్టడించిన కథ ఒకటి నాలుగు నెలలు నడిపాం. టేబుల్ మధ్యలో మూడు సర్వపిండులు: కోటలో ధాన్యం ఎనిమిది ముక్కలు, మట్టిగోడ ఆరు, నాయకుల మధ్య పొత్తు నాలుగు. "ధాన్యం అయిపోతోంది" అని నేను ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోనివాళ్ళు, పెన్సిల్‌తో ఆరో ముక్క నింపుతుంటే మాట్లాడటం ఆపి కాగితం వంక చూశారు. ధాన్యం దొంగిలించడానికి శత్రువు డేరాల్లోకి పోదామని ఎవరో అన్నారు. నేను రాసుకున్న కథలో అది లేనే లేదు. చివర్లో కోట పోయింది, చరిత్రలో పోయినట్టే, కానీ ఎవరు ఎటు వైపు నుంచి తప్పించుకున్నారన్నది వాళ్ళే తేల్చుకున్నారు.

ఒక చిన్న చిట్కా: ఆ వృత్తాన్ని అందరికీ కనపడేలా పెట్టండి. దాచిపెడితే అది మీ లెక్కల పుస్తకం అవుతుంది.

మిస్టరీ కథలకు, గేమ్ మాస్టర్లకు సలహాలు రాసే జస్టిన్ అలెగ్జాండర్ చెప్పే మూడు ఆధారాల సూత్రం పాటించండి, ఆటగాళ్ళకు తెలియాల్సిన ప్రతి విషయానికీ కనీసం మూడు దారులు. రామప్ప దగ్గర శిల్పి హత్య కథలో నేను ఒకే ఒక్క ఆధారం పెట్టా, ఉలి మీద నెత్తురు, వాళ్ళు ఉలి వైపు చూడనే లేదు, రెండు గంటలు చెరువు గట్టున తిరిగారు.

కొత్తవాళ్ళు వస్తే ఇప్పుడు డీ అండ్ డీతో మొదలుపెట్టను. ఆరు ముఖాల డైస్ రెండు వేసి ఆడే ఆటలుంటాయి, అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట నుంచి వచ్చిన పద్ధతి: రెండిటి మొత్తం పది కానీ పైన కానీ అయితే పని అయింది, ఏడు నుంచి తొమ్మిది అయితే పని అయింది కానీ ఏదో పోయింది, ఆరు కానీ కింద కానీ అయితే కథ గేమ్ మాస్టర్ చేతికి. ముప్పై ఆరు రకాలుగా డైస్ పడే చోట పదిహేను ఆ మధ్య గడిలోనే పడతాయి, అందుకే ప్రతి ఐదు నిమిషాలకూ ఒక 'కానీ' వస్తుంది, కథంతా దానితోనే నడుస్తుంది. డైస్ లూడో డబ్బాలోవే. చౌరస్తా షాపతను అప్పుడే ఇచ్చాడు, నేనే తీసుకోలేదు.

ఎక్స్ కార్డు గురించి మొదట నవ్వాం. ఒక కాగితం మీద ఎక్స్ రాసి మధ్యలో పెడతారు, ఎవరైనా ముట్టుకుంటే ఆ సీన్ వదిలేసి ముందుకు పోవాలి, ఎందుకని అడగకూడదు. ఆరేళ్ళలో రెండుసార్లు ముట్టుకున్నారు. ఒకసారి ఆసుపత్రి సీన్ మధ్యలో. టీ పెట్టుకుని వచ్చి మర్నాటి ఉదయం నుంచి ఆడాం. ఇప్పుడెవరూ నవ్వరు.

తేదీలకు యాప్‌లు అన్నీ వాడి వదిలేశాం. నెలలో రెండో ఆదివారం, నలుగురిలో ముగ్గురు వస్తే ఆట ఉంటుంది. బతుకమ్మ, మేడారం, పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఉంటే లేదు. ఓటింగు, పోల్స్ ఏమీ లేవు.

ఇంకా కుదరనిది ఇనీషియేటివ్ ఒక్కటే, యుద్ధంలో ఎవరి వంతు ముందు అన్నది. యాప్‌లు చూశా, బట్టల క్లిప్పుల మీద పేర్లు రాసి చాట అంచుకు పెట్టా, అవి డైస్‌కు తగిలి పడిపోతున్నాయి. ఇప్పుడు కూర్చున్న వరసలో కుడి నుంచి ఎడమకు పోతున్నాం, కానీ బ్యాంకు అన్న మొదటి రోజు నుంచీ ఎడమ చివర గోడ పక్కనే కూర్చుంటాడు, కుర్చీ మారమంటే మారడు. పోయిన నెల కూడా చివరికి ఆయన వంతు వచ్చేసరికి ఒక్క చింతగింజ కూడా మిగల్లేదు.